దించడంలో తెలిసే పనితనం

యూరప్ నగరాల్లో అంతస్తుల పార్కింగులోకి వెళ్లే దారిలో తల మీద ఒక అడ్డపట్టీ వేలాడుతుంటుంది. చాలాచోట్ల దాని మీద రాసి ఉండే అంకె 2 మీటర్లు. ఫోక్స్‌వ్యాగన్ వాళ్ల టీ5, టీ6 తరం కాలిఫోర్నియా క్యాంపర్ వ్యాను ఎత్తు, కప్పు మూసి ఉన్నప్పుడు, 1,990 మిల్లీమీటర్లు. ఒక్క సెంటీమీటరు తేడాతో ఆ పట్టీ కింద నుంచి బండి సాగిపోతుంది. సాయంత్రం ఏ సరస్సు ఒడ్డునో ఆగాక అదే బండి కప్పు పైకి లేస్తుంది. లోపల మనిషి నిటారుగా నిలబడి కాఫీ కాచుకుంటాడు. పైన ఇద్దరు పడుకునే చోటు అమరుతుంది. తెల్లవారాక కప్పు దిగి, మళ్లీ 1,990 దగ్గరే ఆగుతుంది. ఎన్నేళ్లు వాడినా అక్కడే ఆగాలి.

వాడేవాళ్లు పాప్‌టాప్ అని పిలుచుకునే ఈ కప్పు చూడ్డానికి సాదా వస్తువు. ఒక పలక, నాలుగు బందులు, కాస్త కాన్వాసు గుడ్డ, ఒక కొక్కెం. కానీ దాని మీద పడే బరువు బాధ్యతలు రెండూ ఒకదానికొకటి పొసగనివి. రోడ్డు మీద వంద కిలోమీటర్ల వేగంలో గాలికీ వానకూ వెంట్రుకవాసి సందు ఇవ్వకుండా బిగుసుకుని ఉండాలి. ఆగినచోట తేలిగ్గా లేచి, గాలి ఆడే గది కావాలి. ఈ మార్పును ఒక మామూలు మనిషి, చేతిలో పనిముట్టు లేకుండా, చీకట్లోనైనా చినుకుల్లోనైనా ఒంటరిగా చెయ్యగలగాలి.

ఎత్తడం సులువు చేసినవాళ్లు చాలామందే ఉన్నారు. దించడం కూడా అంతే సులువు చేసినవాళ్లు తక్కువ. మంచి కప్పుకీ మామూలు కప్పుకీ తేడా బయటపడేది దిగేటప్పుడే. అందుకే ఈ పనితనాన్ని ఆ వైపు నుంచి చూడాలనిపిస్తుంది.

బందు ఎటువైపు?

ఈ కప్పు చరిత్రలో పెద్దపేరు వెస్ట్‌ఫాలియా. జర్మనీలో, ఇవాళ రేడా-వీడెన్‌బ్రుక్ అని పిలిచే ఊళ్లో 1844లో ఒక కమ్మరి కొలిమిగా మొదలై, గుర్రబ్బళ్లు చేసి, ఆ తర్వాత ట్రైలర్లు చేసిన సంస్థ అది. 1950లో ఫోక్స్‌వ్యాగన్ తన వ్యాను తయారీ మొదలుపెట్టింది. ఆ మరుసటి ఏడాదే, 1951లో, వెస్ట్‌ఫాలియా ఆ వ్యానులో అమర్చుకునే క్యాంపింగ్ పెట్టెను తెచ్చింది. పడక, అర, వంట సామాను అన్నీ అందులోనే. లోపలి ఇల్లు అలా కుదిరింది. తల ఎత్తి నిలబడటానికి మాత్రం చోటు లేదు. ఆ తర్వాతి ఇరవయ్యేళ్ల ప్రయత్నమంతా ఆ చోటు కోసమే.

అప్పుడు ఎదురైన మొదటి ప్రశ్న, బందు ఎటువైపు ఉండాలన్నది. ఇంగ్లండులో ఫోక్‌స్టన్ ఊరి మార్టిన్ వాల్టర్ కంపెనీ తన డోర్మోబైల్ బళ్లకు పక్కవైపు బందు పెట్టింది. కప్పు ఒక పక్కకు తెరుచుకుంటే చారల గుడ్డ విప్పారి నిలిచేది. లోపల ఎత్తు బాగా వచ్చేది. కానీ పక్కగాలి వీస్తే ఆ పలక మొత్తం గాలికి ఎదురునిలిచేది. కొన్ని కంపెనీలు నాలుగు మూలలూ ఒకేసారి లేచే కప్పు చేశాయి. అందులో తల ఎక్కడా తగలదు, కానీ నాలుగు మూలలూ సమానంగా లేవకపోతే పలక మెలితిరిగి పట్టేస్తుంది.

వెస్ట్‌ఫాలియా ఎంచుకున్నది ఒక చివర బందు, మరో చివర ఎత్తు. 1967లో వచ్చిన టీ2 వ్యాను మీద మొదట బందును ముందు పెట్టి, వెనకవైపు లేచేలా చేసింది. 1974 మోడల్ నుంచి దాన్ని తిరగేసింది. బందు వెనక్కి పోయింది, ముందువైపు లేవసాగింది, సామాను పెట్టుకునే తొట్టి డ్రైవరు తల మీదకు వచ్చింది. 1979లో మొదలైన టీ3కి, అంటే అమెరికాలో వానగన్ పేరుతో అమ్మిన బండికి కూడా అదే పద్ధతి.

పైకి చూస్తే ఇది చిన్న మార్పు. నిజానికి దాని వెంట ఒక పెద్ద షరతు వచ్చింది. బందు ముందున్నప్పుడు ఎదురుగాలి కప్పును నొక్కి మూసి ఉంచుతుంది. బందు వెనక్కి పోయాక, పొరపాటున కొక్కెం ఊడితే, అదే గాలి కప్పు కింద దూరి దాన్ని లేపాలని చూస్తుంది. అంటే ముందు కొక్కెం మీదే అంతా ఆధారపడుతుంది. కప్పు ముందు ఉన్న తొట్టి ఆ గాలిని కొంత అడ్డుకుంటుంది. అయినా కొక్కెం తనంతట తాను ఊడకూడదు, మనిషి తియ్యాలనుకుంటే తడబడకూడదు. పాత వెస్ట్‌ఫాలియా బళ్లలో ముందు సీట్ల నుంచి తల ఎత్తి చూస్తే ఆ కొక్కెం కనబడుతుంది. పడిందో లేదో కంటితో చూసి, చేత్తో తడిమి నిర్ధారించుకునే చోట పెట్టారు. బాధ్యత ఎక్కువున్న భాగాన్ని దాచకుండా ఎదురుగా పెట్టడం వాళ్ల మంచి అలవాటు.

మొదటి జానెడు

ఇప్పుడు ఎత్తడం చూద్దాం. కప్పు పలక 60 కిలోలుందనుకుందాం. బరువు మధ్యలో ఉంటుంది, వెనక బందు దగ్గర ఆనుతుంది. కాబట్టి ముందు అంచు పట్టుకుని ఎత్తే చేతికి తగిలేది అందులో సగం, 30 కిలోలు. బందు వైపు జరిగి ఎత్తితే బరువు పెరుగుతుంది. అందుకే పట్టుకునే కడ్డీని వీలైనంత ముందుకు పెడతారు.

ఆ 30 కిలోల్లో చాలాభాగాన్ని ఈ రోజుల్లో గ్యాస్ స్ట్రట్లు మోస్తాయి. స్టీలు గొట్టంలో నైట్రోజన్ వాయువును గట్టిగా నింపి, దాంట్లోంచి బయటకు తోసుకొచ్చే ఒక కడ్డీని బిగిస్తారు. 8 మిల్లీమీటర్ల కడ్డీ అడ్డకోత వైశాల్యం అర చదరపు సెంటీమీటరు. లోపలి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 100 కిలోలు ఉంటే, ఆ కడ్డీ 50 కిలోల బలంతో తోస్తుంది. గొట్టంలో వాయువుతోపాటు కాస్త నూనె కూడా ఉంటుంది. కప్పు ఎగిరిపడకుండా చివర్లో వేగం తగ్గించేదీ, కడ్డీ చుట్టూ ఉన్న రబ్బరును ఎండిపోకుండా తడిపేదీ ఆ నూనే. అందుకే కప్పు మూసి ఉన్నప్పుడు కడ్డీ కిందికీ గొట్టం పైకీ ఉండేలా బిగించమంటారు. తిరగేసి బిగిస్తే రబ్బరు ఎండి, వాయువు మెల్లమెల్లగా జారిపోతుంది.

కానీ స్ట్రట్టుకు ఒక ఇబ్బంది ఉంది. కప్పు మూసి ఉన్నప్పుడు అది కప్పు పలకకు దాదాపు సమాంతరంగా పడుకుని ఉంటుంది. ఎంత బలంగా తోసినా ఆ తోపు బందు వైపుకే పోతుంది, పైకి లేపే పని జరగదు. కప్పు కొంచెం లేచాకే స్ట్రట్టు వాలు మారి, దాని బలం పనికొస్తుంది. కాబట్టి మొదటి జానెడు మనిషే ఎత్తాలి. ఆ జానెడు దాటాక చేతిలో బరువు కరిగిపోతుంది. కప్పు తనంతట తానే లేచి నిలబడుతుంది.

ఈ ఇబ్బందిని మంచి డిజైనరు వరంగా మార్చుకుంటాడు. స్ట్రట్టు గీత బందు గుండా పోయేలా అమరిస్తే మూసిన కప్పు మీద దాని ప్రభావం సున్నా. ఇంకొంచెం అవతలికి జరిపితే అదే స్ట్రట్టు మూసిన కప్పును కిందికి లాగి పట్టుకుంటుంది. ఎత్తేటప్పుడు సాయం చేసేదే, మూశాక కాపలా కూడా కాస్తుంది. రెండు బిగింపు రంధ్రాలు ఎక్కడ వెయ్యాలన్న నిర్ణయంలో ఉన్న తెలివి ఇది. బయటి నుంచి చూసే కంటికి ఎక్కడా కనబడదు.

చలికాలంలో ఇంకో సంగతి తెలుస్తుంది. చల్లబడితే వాయువు ఒత్తిడి తగ్గుతుంది. 20 డిగ్రీల నుంచి సున్నాకు పడిపోతే దాదాపు 7 శాతం బలం పోతుంది. వేసవిలో ఇట్టే లేచిన కప్పు మంచు కురిసే ఉదయాన ఇంకో చెయ్యి అడుగుతుంది. బాగా లెక్కేసినవాడు ఆ 7 శాతాన్ని ముందే చూసుకుంటాడు. అలాగని మరీ ఎక్కువ బలమున్న స్ట్రట్టు పెట్టడు. ఎందుకో దించేటప్పుడు చూద్దాం.

మోకాటి కీలు

టీ3 నాటి చేతి కప్పుల్లో గ్యాస్ స్ట్రట్లు లేవు. అక్కడ కప్పును నిలబెట్టేది ఉక్కు కడ్డీలతో చేసిన ఒక కీలు. కప్పును ఎత్తి, అడ్డకడ్డీని చివరంటా తోస్తే అది ‘టక్’మని నిలుస్తుంది. ఏ పిన్నూ పడదు, ఏ లాకూ తిరగదు. అయినా కప్పు మీద చెయ్యి వేసి నొక్కితే కదలదు.

మన మోకాలు చేసేదే ఈ కీలు చేస్తుంది. మోకాలు కొద్దిగా వంగి ఉంటే ఒంటి బరువు దాన్ని ఇంకా వంచుతుంది, తొడకండ ఊరుకోకుండా పట్టి ఉంచాలి. పూర్తిగా నిటారుగా చాపి నిలబడితే బరువు ఎముకల మీదుగా నేలకు దిగిపోతుంది, కండకు పనే ఉండదు. అడ్డకడ్డీ కూడా అంతే. రెండు కడ్డీల మధ్య కీలు, తిన్నని గీతకు ఇవతల ఉన్నంతసేపూ కప్పు బరువు దాన్ని మడవాలని చూస్తుంది. ఆ గీతను కొంచెం దాటి అవతల అడ్డుకు ఆనిందా, అదే బరువు దాన్ని ఇంకా బిగిస్తుంది. కప్పు మీద ఎంత బరువు పడితే అంత గట్టిగా నిలుస్తుంది.

‘కొంచెం దాటి’ అన్నదాంట్లోనే పనివాడి చెయ్యి తెలుస్తుంది. తక్కువ దాటితే గాలి ఊపుకు కీలు వెనక్కి జారి కప్పు కూలుతుంది. ఎక్కువ దాటితే దించేటప్పుడు కీలును ఆ గీత మీదుగా వెనక్కి తేవడానికి మనిషి వేలాడాల్సి వస్తుంది. దశాబ్దాల కిందట చేసిన కప్పులు ఇప్పటికీ పిల్లల చేతికి లొంగకుండా, పెద్దల చేతికి మొరాయించకుండా పనిచేస్తున్నాయంటే ఆ కొలతను ఎంత జాగ్రత్తగా పట్టుకున్నారో అర్థమవుతుంది.

గుడ్డ గోడలు

కప్పుకూ బండికీ మధ్య గోడలు కాన్వాసువి. పై అంచు కప్పు పలకకు, కింది అంచు బండి పైభాగంలో కోసిన చోటుకు చుట్టూ బిగిస్తారు. వెనక బందు వైపు గుడ్డ సన్నగా, ముందుకు వచ్చేకొద్దీ ఎత్తుగా ఉంటుంది. కాబట్టి పక్కగోడలు త్రిభుజాలు. మధ్యలో దోమతెర కిటికీలు, వాటి మీద జిప్పు వేసి మూసుకునే రెక్కలు.

దర్జీ పనితనం ఇక్కడ చూడాలి. కప్పు లేచాక గుడ్డ బిగువుగా ఉండాలి. వదులుంటే రాత్రంతా గాలికి టపటపా కొట్టుకుంటుంది, ముడతల్లో వాననీరు నిలుస్తుంది. మరీ బిగువైతే చివరి అంగుళం కప్పు లేవదు, లేచినా కుట్లు లాగుతాయి. కుట్టు రంధ్రాలే వాన లోపలికి దిగే మొదటి దారి. అందుకని మూలల్లో కుట్టును మడతలోపల దాచి, పై మడత నీళ్లను బయటికి జార్చేలా వేస్తారు. రాత్రి ఇద్దరు పడుకుంటే ఊపిరిలోని తేమ ఎటైనా పోవాలి. గాలి ఆడే నూలు కాన్వాసు కొంతవరకు దాన్ని బయటికి వదులుతుంది. పూర్తిగా ప్లాస్టిక్ పూత వేసిన గుడ్డ వానను బాగా ఆపుతుంది, కానీ తెల్లారేసరికి లోపల చెమర్చి ఉంటుంది. పైన గుడ్డ కిటికీ తెరిచి, కింద బండి కిటికీ ఓరగా దించితే గాలి తిరుగుతుంది. స్టవ్వు వెలిగించినప్పుడు మాత్రం ఈ రెండూ తెరిచే ఉంచాలి. ఇందులో రాజీ లేదు.

గుడ్డ గోడలకు వేరే పరిమితి కూడా ఉంది. అమెరికాలో ఎల్లోస్టోన్ నేషనల్ పార్కు ఫిషింగ్ బ్రిడ్జ్ క్యాంపులో గ్రిజ్లీ ఎలుగుబంట్ల కారణంగా గుడారాలనూ గుడ్డగోడల ట్రైలర్లనూ అనుమతించరు. అమెరికాలో ఉంటూ సెలవులకు క్యాంపర్ వ్యాను అద్దెకు తీసుకునే మన తెలుగు కుటుంబాలు చోటు బుక్ చేసేముందు ఈ నిబంధన చదువుకోవడం మంచిది.

దించే క్రమం

ఇక అసలు పరీక్ష. కప్పు దించేటప్పుడు రెండు వస్తువులు దారికి అడ్డం వస్తాయి. ఒకటి గాలి, రెండోది గుడ్డ.

బండి తలుపులు, అద్దాలు అన్నీ మూసి కప్పు దించబోతే లోపలి గాలి ఎటూ పోలేక కాన్వాసును బయటికి ఉబ్బిస్తుంది. ఉబ్బిన గుడ్డ కప్పు అంచుకూ బండికీ మధ్య నలుగుతుంది. పక్కతలుపు తీసి ఉంచితే ఆ గాలి అటు పోతుంది, గుడ్డ లోపలికి ఒదుగుతుంది. చాలా కప్పులకు గుడ్డ చుట్టూ, దాని సగం ఎత్తులో, ఒక సాగే తాడు ఉంటుంది. కప్పు దిగేకొద్దీ అది గుడ్డను నాలుగు వైపులా లోపలికి లాగి మడతపెడుతుంది. ఆ తాడు విలువ అది తెగిపోయినప్పుడే తెలుస్తుంది.

క్రమం ఇది. ముందు పై పడకను దాని చోటికి తేవాలి, దిండ్లూ దుప్పట్లూ కీలు దారిలో ఉండకూడదు. గుడ్డ కిటికీల జిప్పులు చూసుకోవాలి. పక్కతలుపు తియ్యాలి. అడ్డకడ్డీని గీత ఇవతలికి లాగి, రెండు చేతులతో కప్పును సగం దించి ఆపాలి. ఇక్కడ తొందర పనికిరాదు. చుట్టూ ఒకసారి చూసి, బయటకు వేలాడే గుడ్డను లోపలికి నెట్టాలి. మూలల్లో మడత లావుగా ఉంటుంది, అక్కడ చేత్తో సర్దాలి. అప్పుడు పూర్తిగా దించి, ఒక చేత్తో కడ్డీని కిందికి లాగి పట్టుకుని, రెండో చేత్తో కొక్కెం వెయ్యాలి. చివరగా బయటికి వచ్చి బండి చుట్టూ ఒక్క చుట్టు నడవాలి. ఎక్కడైనా గుడ్డ అంచు కనబడితే అక్కడ నుంచే వాన లోపలికి ఇంకుతుంది.

మరీ బలమైన స్ట్రట్టు వద్దనడానికి కారణం ఇక్కడ కనబడుతుంది. కప్పును లేపే బలమే దించేటప్పుడు మనిషికి ఎదురు నిలుస్తుంది. కప్పు మీద సోలార్ పలక వేశారు కదా అని ఇంకా గట్టి స్ట్రట్లు బిగిస్తే, ఎత్తడం హాయిగా ఉంటుంది, దించడానికి ఇద్దరు కావాలి. పైగా మూశాక కూడా అవి కప్పును పైకి తోస్తుంటే ఫైబర్ గ్లాస్ పలక బిగింపుల దగ్గర వంగి, కాలం గడిచేకొద్దీ పగులుతుంది. సరైన స్ట్రట్టు అంటే, ఇంట్లో అందరికన్నా తక్కువ బలమున్న పెద్దమనిషి కూడా దించగలిగేది.

తడిసిన కాన్వాసు సంగతి కూడా దించడంలో భాగమే. వానలో బయలుదేరక తప్పకపోతే తడిగానే మూస్తాం. కానీ సాయంత్రం ఆగిన వెంటనే, వాన లేకపోతే, కప్పు ఎత్తి ఆరబెట్టాలి. రెండు మూడు రోజులు తడి మడతల్లో ఉంటే బూజు పడుతుంది. బూజు మచ్చ ఒకసారి నూలులోకి దిగితే పోదు.

సర్దుబాటు

ఏళ్లు గడిచేకొద్దీ కప్పు సరిగ్గా కూర్చోవడం మానేస్తుంది. బందుల బుష్‌లు అరుగుతాయి, రబ్బరు బీడింగు అణిగిపోతుంది, పలక ఒక పక్కకు జరుగుతుంది. వేగంలో ఒక సన్నని ఈల వినబడటం మొదటి గుర్తు.

అప్పుడు చాలామంది చేసేది కొక్కేన్ని ఇంకో నాలుగు చుట్లు బిగించడం. ఈల ఆగుతుంది. కానీ కొన్నాళ్లకు అదే చోట బీడింగు పూర్తిగా చదునై, ఈసారి నీళ్లు కారతాయి. నేర్పున్న మెకానిక్ కొక్కెం జోలికి చివర్లో వెళ్తాడు. మొదట వెనక బందులు చూస్తాడు. అరిగిన బుష్ మార్చి, ఎత్తు తక్కువైన వైపు పల్చటి వాషరు వేస్తాడు. తర్వాత పలక ఎడమకుడిలు చూస్తాడు. బోల్టులు కాస్త వదులు చేసి, రెండువైపులా సందు సమానమయ్యేలా జరిపి మళ్లీ బిగిస్తాడు. ఆ తర్వాతే కొక్కెం.

బిగువు సరిపోయిందా అని చూడటానికి ఒక కాగితం ముక్క చాలు. దాన్ని బీడింగు మీద పెట్టి, కప్పు మూసి, కొక్కెం వేసి లాగాలి. కాస్త పట్టి, చిరగకుండా జారుకుంటూ వస్తే ఆ చోట బిగువు సరిగ్గా ఉంది. ఊరికే వస్తే వదులు, చిరిగితే ఎక్కువ బిగువు. ఇలా కప్పు చుట్టూ చోటు మార్చి మార్చి చూస్తే తప్పు ఏ మూల ఉందో కాగితమే చెబుతుంది. బీడింగుకు రబ్బరుకు పనికొచ్చే సిలికాన్ పూత వెయ్యాలి. పెట్రోలియం గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది.

మీట నొక్కితే

టీ5 తరం నుంచి ఫోక్స్‌వ్యాగన్ కాలిఫోర్నియాను వెస్ట్‌ఫాలియాకు అప్పగించకుండా తన హానోవర్ ఫ్యాక్టరీలోనే చెయ్యసాగింది. కప్పు అల్యూమినియంది అయింది. ఖరీదైన మోడళ్లలో దాన్ని ఎత్తి దించే పని మోటారుకు పోయింది. మీట నొక్కితే పంపు నూనెను ఒత్తి సిలిండర్లను తోస్తుంది, కప్పు నిదానంగా లేస్తుంది. దించేటప్పుడూ అంతే నిదానం.

చేతి కప్పును ఇష్టపడేవాళ్లకు ఇది కొంచెం వెలితిగా అనిపించొచ్చు. నాకు మాత్రం ఇందులో నచ్చిన భాగం వేరే ఉంది. బ్యాటరీ అయిపోయినా, పంపు మొరాయించినా ఆ కప్పును చేత్తో దించుకునే అత్యవసర మార్గం పెట్టారు. నూనె ఒత్తిడి వదిలేస్తే కప్పు కిందికి వస్తుంది. ఎత్తలేకపోతే ఆ రాత్రి వంగి నడుస్తాం, అంతే. దించలేకపోతే బండి కదలదు, ఇంటికి చేరలేం. ఏది ఆగిపోయినా దించడం మాత్రం ఆగకూడదని ముందే అనుకుని చేసిన పని అది.

ఇలాంటి బండి కొనబోయేవాళ్లు, అద్దెకు తీసుకోబోయేవాళ్లు యజమానిని కప్పు ఎత్తి చూపించమని అడుగుతారు. ఎత్తిన కప్పు ఎవరికైనా ముచ్చటగానే ఉంటుంది. దించి చూపించమనండి. సగంలో ఆపినప్పుడు చేతికి ఎంత బరువు తగిలిందో, గుడ్డ ఎటు మడతపడిందో, కొక్కెం ఒక చేత్తో పడిందో లేదో, చుట్టూ సందు సమానంగా ఉందో లేదో మీరే చూడండి. వీలైతే మీరే ఒకసారి దించండి. చేసినవాడి లెక్కా, ఇన్నాళ్లూ వాడినవాడి శ్రద్ధా రెండూ ఆ అర నిమిషంలో మీ చేతికి తెలిసిపోతాయి.